ఊరంతటి కరెంటు వాడకాన్ని మోడల్ చేయడం విద్యార్థులకు ఎలా నేర్పాలి?

బ్యారేజీ_గాలి:

నమస్కారమండి. విజయవాడలో ఒక ప్లానింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. వచ్చే సెమిస్టర్ నుంచి ఎం.ప్లాన్, ఎం.ఆర్క్ పిల్లలకు కలిపి ఒక ఎలక్టివ్ చెప్పమన్నారు. ఒక వార్డులోనో, ఊరు మొత్తంలోనో ఉన్న భవనాలు గంట గంటకూ ఎంత కరెంటు వాడతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం దాని విషయం. యూబీఈఎం, అంటే అర్బన్ బిల్డింగ్ ఎనర్జీ మోడలింగ్.

నా బెంగ ఒక్కటే. ఇలాంటి కోర్సుల ఫైనల్ రివ్యూలకు జ్యూరీగా వెళ్తే గోడ నిండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మ్యాపులు కనిపిస్తాయి. చూడటానికి చాలా బాగుంటాయి. "ఈ బిల్డింగ్ ఎందుకు ఎర్రగా వచ్చిందమ్మా?" అని అడిగితే జవాబు ఉండదు. ఏ బటన్ నొక్కాలో వచ్చు, లోపల ఏ లెక్క నడిచిందో రాదు. నా క్లాసు అలా కాకూడదని నా పట్టుదల.

ఉన్నది ఒక్క సెమిస్టర్, వారానికి నాలుగు గంటలు. పిల్లల్లో సగం మందికి ప్రోగ్రామింగ్ రాదు. ల్యాబ్‌లో కంప్యూటర్లు పాతవి. ముందు ఒక భవనం నేర్పి తర్వాత ఊరికి వెళ్లాలా, నేరుగా వీధితోనే మొదలుపెట్టాలా? డేటా ఎక్కడ దొరుకుతుంది? ఈ పని చేసినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

చిల్లర్_ప్లాంట్:

మేడమ్, నేను హైదరాబాద్‌లో ఎనర్జీ కన్సల్టెంట్‌ని. నా మాట సూటిగా చెబుతాను. ఒక భవనం సరిగ్గా చేయడం రాని పిల్లలకు ఊరు ఇస్తే మీరు భయపడుతున్న రంగుల మ్యాపే వస్తుంది. గోడలోంచి వేడి ఎలా వస్తుంది, కిటికీ అద్దంలోంచి ఎండ ఎంత వస్తుంది, ఏసీ ఎందుకు ఆగి ఆగి తిరుగుతుంది అన్నవి ఒక్క గదితో నేర్పాలి. భవనంలో వేడి, కరెంటు లెక్కగట్టే ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, 2001 నుంచి ఉంది. యూబీఈఎం సాఫ్ట్‌వేర్లు చాలావాటి లోపల నడిచే ఇంజిన్ కూడా అదే. సగం సెమిస్టర్ అయినా ఒక్క భవనానికి పెట్టండి.

చార్లెస్_ఒడ్డు:

అన్నా, సగం సెమిస్టర్ చాలా ఎక్కువ. నేను బోస్టన్ దగ్గర ఇదే విషయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక భవనం మోడల్, ఊరి మోడల్ ఒకే ఫిజిక్స్ మీద నడుస్తాయి గానీ పని తీరు వేరు. ఒక భవనమైతే డ్రాయింగులు ఉంటాయి, ఏసీ ఏ కంపెనీదో తెలుస్తుంది, యజమానిని అడగొచ్చు. ఊరికి వచ్చేసరికి మనకు తెలిసేది మూడు నాలుగు సంగతులే: పైనుంచి కనిపించే ఆకారం, ఎత్తు, ఇల్లా కొట్టా ఆఫీసా, ఎప్పుడు కట్టారు. మిగతాదంతా ఊహ. ఆ ఊహను పద్ధతిగా చేయడమే ఈ విద్య.

ఎంఐటీలో క్రిస్టోఫ్ రైన్‌హార్ట్ బృందం బోస్టన్ నగర ప్లానింగ్ సంస్థతో కలిసి చేసిన మోడల్ 2016లో వచ్చింది. అందులో 83,541 భవనాలు. అన్ని భవనాలకూ తిరిగి గోడ మందం కొలవలేరు కదా. నగరం పన్ను రికార్డుల్లో ఉన్న వాడుక, కట్టిన ఏడు చూసి భవనాలను 52 ఆర్కిటైపులుగా, అంటే మూసలుగా విడగొట్టారు. ఒక మూసలోని భవనాలన్నింటికీ ఒకే రకం గోడ, ఒకే రకం ఏసీ, ఒకే రకం దినచర్య. ఆకారం, పక్క బిల్డింగ్ నీడ మాత్రం దేనివి దానివే. విద్యార్థి నేర్చుకోవాల్సిన అసలు పని ఆ మూసలు తయారుచేయడం. ఎన్ని ఉండాలి, ఏ ఆధారంతో విడగొట్టాలి, ఏ ఇల్లు ఏ మూసలోకి వెళ్తుంది అనేవి ఒక్క భవనం పాఠంలో ఎన్నటికీ రావు.

మన వేడికి కొంచెం దగ్గరగా ఉండే ఉదాహరణ కావాలంటే కువైట్ ఉంది. అక్కడ ఒక పేటలో 336 ఇళ్లకు నాలుగు రకాల పద్ధతుల్లో మూసలు కట్టి, అసలు వాడకంతో పోల్చిన పని 2017లో వచ్చింది. ఒకే పేట, ఒకే సాఫ్ట్‌వేర్, మూసలు కట్టిన తీరును బట్టి ఫలితం మారింది. పిల్లలకు మొదటి వారమే చూపించదగ్గ పని అది.

చిల్లర్_ప్లాంట్:

మూసల సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ మూసలో ఏం రాయాలో తెలియాలంటే ఒక్క ఇంటినైనా లోపలిదాకా చూసి ఉండాలి కదా. రెండు మూడు వారాలు ఒక్క ఇంటికి పెట్టమంటాను, అంతకు తగ్గను.

మ్యాప్_శీను:

జీఐఎస్, అంటే కంప్యూటర్ మ్యాపుల పని చేస్తాను. డేటా గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా మేడమ్.

భవనాల ఆకారాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో మన దేశం ఉంది, మైక్రోసాఫ్ట్ కూడా ఇచ్చింది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎలాగూ ఉంది. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చాలు, పాత కంప్యూటర్ అయినా ఒక వార్డు వరకు లాగుతుంది. కానీ వాటిని ఉన్నవి ఉన్నట్టు మోడల్‌లో పోయకండి. శాటిలైట్ బొమ్మ చూసి కంప్యూటర్ గీసిన గీతలవి. మీ విజయవాడ సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, నాలుగు ఇళ్లు కలిపి ఒకే డబ్బాగా వస్తాయి. కొన్నిచోట్ల దీనికి తలకిందులు, ఒకే ఇల్లు రెండు ముక్కలవుతుంది. మేడ మీద రేకుల షెడ్డు వేస్తే అది వేరే భవనంలా కనిపిస్తుంది.

ఉమ్మడి గోడ సంగతి ముఖ్యం. రెండిళ్ల మధ్య గోడకు ఎండ తగలదు. మోడల్‌కు ఆ విషయం తెలియకపోతే దాన్ని బయటి గోడ అనుకుని రోజంతా ఎండబెడుతుంది, ఆ ఇంటి చల్లదనం ఖర్చు ఊరికే పెరుగుతుంది. ఆకారాల మధ్య అర మీటరు సందు తప్పుగా వచ్చినా చాలు, ఇది జరుగుతుంది.

ఇంకొకటి, కోఆర్డినేట్ సిస్టమ్. డేటా డిగ్రీల్లో వస్తుంది. దాన్ని మీటర్లలోకి మార్చకుండా వైశాల్యం లెక్కిస్తే పిచ్చి అంకెలు వస్తాయి. విజయవాడ, హైదరాబాద్, విశాఖ మూడూ మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్‌లోకి వస్తాయి. అనంతపురం పిల్లలెవరైనా సొంతూరు చేస్తామంటే అది 43వ జోన్, గుర్తుంచుకోండి.

ఎత్తు దగ్గరే అసలు చిక్కు. అంతస్తుల సంఖ్య ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చాలా తక్కువ భవనాలకు ఉంటుంది. ఒక వీధికి మనిషి నడిచి లెక్కపెట్టడమే మంచిది. స్టిల్ట్ పార్కింగ్‌ను అంతస్తుగా లెక్కపెట్టొద్దని ముందే చెప్పండి, అక్కడ ఏసీ ఉండదు, ఒకటి రెండు లైట్లు తప్ప.

రిటైర్డ్_ఏఈ:

ముప్పై ఏళ్లకు పైగా కరెంటు పంపిణీలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. మోడలింగ్ నాకు రాదు, బిల్లులు వచ్చు. మీ పిల్లలు చివరికి ఏ మోడల్ కట్టినా దాన్ని బిల్లులతోనే సరిచూడాలి కదమ్మా, ఆ బిల్లు చదవడం ముందు నేర్పండి.

బిల్లులో నెల క్యాలెండర్ నెల కాదు. మే 8న రీడింగ్ తీశారంటే అందులో ఏప్రిల్ 8 నుంచి ఉన్న వాడకం ఉంటుంది. మే బిల్లును మోడల్‌లోని మే నెలతో పోలిస్తే పోలిక తప్పుతుంది. ఎండలు ముదిరే ఏప్రిల్‌లో, వానలు పడే జూన్‌లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. రీడింగ్ తేదీలు రాసుకుని మోడల్‌లోని రోజులను ఆ ప్రకారం కూడుకోవాలి.

ఇంటికి తాళం ఉంటే డోర్ లాక్ అని వేసి అంచనా బిల్లు ఇస్తారు. తర్వాతి నెల ఆ తేడా అంతా ఒకేసారి వస్తుంది. ఒక నెల తక్కువ, మరుసటి నెల అమాంతం ఎక్కువ కనిపిస్తే అది ఎండ కాదు, తాళం.

ఒక డాబా కింద ఎన్ని మీటర్లున్నాయో చూడండి. కింద కొట్టు ఉంటే అది కేటగిరీ-2, పైన ఇల్లు కేటగిరీ-1. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కు ఒక మీటరు, లిఫ్టుకూ సంప్ మోటారుకూ కలిపి కామన్ మీటరు వేరే. స్లాబ్ రేటు తగ్గుతుందని ఒకే కుటుంబం రెండు మీటర్లు పెట్టుకోవడం కూడా ఉంది. కాబట్టి కనెక్షన్లు లెక్కపెట్టి కుటుంబాలు ఇన్ని అనుకోవద్దు. మేడ మీద సోలార్ ఉన్న ఇంటికి నెట్ మీటరింగ్ బిల్లులో వాడుకున్నది, పంపినది తీసివేసి చూపిస్తారు. ఆ చివరి అంకె ఇంటి వాడకం అనుకుంటే ఇల్లు మరీ పొదుపుగా ఉన్నట్టు తేలుతుంది. తెలంగాణలో 2024 నుంచి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి గీత ఒకటుంది, దాన్ని దాటకుండా చూసుకునే ఇళ్లు ఉంటాయి. ఆ జాగ్రత్త ఏ గోడ మందంలోనూ కనిపించదు.

బ్యారేజీ_గాలి:

ఏఈ గారూ, మీరు రాసింది ప్రింటు తీసి క్లాసులో పెడతాను, అనుమతి ఉందనుకుంటున్నాను. శీను గారూ, ఉమ్మడి గోడల సంగతి నాకు కొత్త, ధన్యవాదాలు.

ఇంకో ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రెడీమేడ్ మూసలు ఉంటాయి కదా, మిడ్-రైజ్ అపార్ట్‌మెంట్, స్మాల్ ఆఫీస్ అని. మొదటిసారి పిల్లలకు అవే ఇచ్చేస్తే పని త్వరగా మొదలవుతుందని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

చిల్లర్_ప్లాంట్:

ఇవ్వండి మేడమ్, కానీ అవి తప్పని చూపించడానికి ఇవ్వండి. ఒక్క ఫ్లాట్‌తో ఎలా చూపించవచ్చో రాస్తాను.

ఫ్లాట్ 110 చదరపు మీటర్లు అనుకుందాం. మూడు బెడ్రూములు, ఒక్కదాంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ. రెడీమేడ్ మూస ఇంటి మొత్తాన్నీ రోజంతా, ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచుతుంది. వంటింటికి, హాలుకు, పూజగదికి కూడా ఏసీ పెట్టేస్తుంది. మన ఇంట్లో జరిగేది వేరు. మార్చి నుంచి జూన్ దాకా, రాత్రి పదికి వేసి తెల్లవారి ఆరుకు కట్టేస్తారు. అయిదు స్టార్ల ఏసీ సగటున గంటకు 0.8 యూనిట్ తీసుకుందనుకుంటే రాత్రికి 6.4, నెలకు 190 చిల్లర, నాలుగు నెలలకు సుమారు 770 యూనిట్లు. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, లైట్లు, మిక్సీ, గీజర్ అన్నీ కలిపి నెలకు 150 వేసుకుంటే ఏడాదికి 1,800. మొత్తం 2,570. దాన్ని 110తో భాగిస్తే చదరపు మీటరుకు 23 యూనిట్లు. రెడీమేడ్ మూస దీనికి నాలుగైదు రెట్లు చూపించినా నేను ఆశ్చర్యపోను.

ఇందులో పిల్లలకు దొరికే విషయం ఏమిటంటే, గోడ మందం సరిచేసి ఆ తేడాను పూడ్చలేరు. యూ-విలువ అంటే గోడలోంచి వేడి ఎంత తేలిగ్గా దూరుతుందో చెప్పే అంకె. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అది 2 దగ్గర ఉంటుంది, ఏఏసీ అనే తేలిక సిమెంటు బ్లాకు వేస్తే ఒకటి కంటే తక్కువకు దిగుతుంది. అది మార్చి చూడమనండి, ఫలితం కొంచెం కదులుతుంది. ఏసీ వేసే గదుల సంఖ్య, గంటలు మార్చి చూడమనండి, ఫలితం కూలిపోతుంది. ఏది ఎంత కదిలిస్తుందో రన్ నొక్కేముందే కాగితం మీద ఊహించి రాయించండి. తర్వాత రన్ చేయించి రెండూ పక్కపక్కన పెట్టించండి. నా దగ్గరకు ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలతో ఇదే చేయిస్తాను.

ఏసీ స్టిక్కర్ మీద రాసి ఉండే ఏడాది యూనిట్లను కూడా నేరుగా వాడొద్దని చెప్పండి. స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ ఆ లెక్క 1,600 గంటల మీద కడుతుంది. పైన చెప్పిన ఫ్లాట్‌లో ఏసీ నడిచేది వెయ్యి గంటలకు కాస్త అటూఇటూ.

రెండో_సెమ్:

నేను ఇలాంటి కోర్సు చదివిన విద్యార్థిని, హైదరాబాద్. మాకు బాగా ఉపయోగపడిన ఒక పని చెబుతాను మేడమ్. సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందే ఎవరి ఇంటి పన్నెండు నెలల బిల్లులు వాళ్లు తెచ్చుకుని గ్రాఫ్ గీశాం. ఫిబ్రవరి వాడకాన్ని మట్టంగా తీసుకుని, మే వాడకంలోంచి తీసేస్తే మిగిలేది దాదాపు చల్లదనం కోసం ఖర్చయినదే. డిసెంబర్‌ను మట్టంగా తీసుకోవద్దన్నారు మా సర్, అప్పుడు గీజర్ నడుస్తుంది కాబట్టి. హాస్టల్ వాళ్లు ఊళ్లో ఇంటి బిల్లు తెప్పించుకున్నారు. ఆ గ్రాఫ్ గీశాక మోడల్‌లోని ప్రతి గీతా మా ఇంట్లో ఏ స్విచ్చో అర్థమైంది.

మోడల్‌కు గంట గంట వాతావరణం ఇచ్చే వెదర్ ఫైలు దగ్గర మాత్రం చాలా టైం పోయింది. దాని గురించి ఎవరైనా రాస్తే మంచిది.

చార్లెస్_ఒడ్డు:

వెదర్ ఫైలు నేను రాస్తాను. ఈపీడబ్ల్యూ అని వచ్చేవి చాలావరకు టిపికల్ ఇయర్ ఫైళ్లు. ఒక ఏప్రిల్ ఒక సంవత్సరం నుంచి, ఒక మే ఇంకో సంవత్సరం నుంచి ఏరి కుట్టిన పన్నెండు నెలలు. కొత్త భవనం డిజైన్‌కు అవి సరిపోతాయి. 2024 బిల్లులతో సరిచూడాలంటే 2024 వాతావరణమే కావాలి. నాసా పవర్ సైట్‌లో ఏ ఊరికైనా గంటల వారీ డేటా ఉచితంగా దొరుకుతుంది, దాన్ని వాడించండి.

అన్నట్టు, హైదరాబాద్‌కు వాడే ఇష్రే (మన దేశపు ఏసీ ఇంజినీర్ల సంఘం) ఫైలు బేగంపేట విమానాశ్రయం స్టేషన్‌ది. రన్‌వే పక్కన గాలి, ఇరుకు సందులో రాత్రి గాలి ఒకటి కావు. సందులో గోడలు పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంటాయి. మన ఇళ్లలో ఏసీ నడిచేదే రాత్రి కాబట్టి ఈ తేడా మనకు ఎక్కువ తగులుతుంది. మొదటి కోర్సులో దీన్ని సరిచేయనక్కర్లేదు గానీ పిల్లలకు తెలిసి ఉండాలి.

రేకుల_ఇల్లు:

ఇంతసేపూ చదివాను. నేను హైదరాబాద్ బస్తీల్లో ఇళ్ల సమస్యల మీద పనిచేస్తాను. ఒక్క మాట అడగాలి. మీరందరూ యూనిట్లే లెక్కపెడుతున్నారు. మా బస్తీలో సిమెంటు రేకుల ఇంట్లో ఒక ఫ్యాను, ఒక బల్బు, టీవీ ఉంటాయి. మీ మ్యాపులో ఆ ఇల్లు ముదురు ఆకుపచ్చ రంగులో వస్తుంది, ఊళ్లో అందరికంటే మంచి ఇల్లు అన్నట్టు. మధ్యాహ్నం ఆ రేకు కింద చంటిపిల్లను పడుకోబెట్టలేక తల్లులు చెట్టు కిందకో, మసీదు వరండాలోకో పోతారు. ఆ ఇంటికి కరెంటు తక్కువ కాలుతున్నది ఇల్లు బాగుండి కాదు, ఏసీ కొనే డబ్బు లేక. రేపు మునిసిపాలిటీ ఆ మ్యాపు చూసి డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తే మా బస్తీ లిస్టులోనే ఉండదు. పిల్లలకు ఇది ఎవరు చెబుతారు?

బ్యారేజీ_గాలి:

ఇది నేను ఆలోచించాల్సినంత ఆలోచించని సంగతి. విజయవాడలో కొండల మీద ఇళ్లు కూడా ఇదే కోవ. దీన్ని మోడల్‌లోకి ఎలా తేవాలో ఎవరైనా చెబుతారా? యూనిట్లు కాకపోతే దేన్ని కొలవాలి?

చిల్లర్_ప్లాంట్:

గంటలను కొలవాలి మేడమ్. ఎనర్జీప్లస్‌లో ఏసీ తీసేసి రన్ చేస్తే గది ఉష్ణోగ్రత గంట గంటకూ ఇస్తుంది. ఏడాదిలో ఎన్ని గంటలు మనిషి ఓర్చుకోగల హద్దు దాటిందో లెక్కపెట్టొచ్చు.

ఆ హద్దు ఏమిటన్నదానికి మన దేశంలోనే చేసిన పని ఉంది. అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో వచ్చిన ఐమాక్ అనే నమూనా, 2016లో ప్రచురించారు. ఏసీ లేకుండా కిటికీలు తెరిచి ఉండే భవనంలో మనుషులకు సమంగా అనిపించే ఉష్ణోగ్రత ఎంతో ఒక చిన్న సూత్రం ఇచ్చారు: గత కొన్ని వారాల బయటి సగటును 0.54తో గుణించి 12.83 కలపాలి. బయటి సగటు 33 డిగ్రీలైతే 30.65 వస్తుంది. అంటే మే నెలలో మనవాళ్లకు 30 డిగ్రీల దగ్గర బాగానే ఉంటుంది, 24 అక్కర్లేదు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నియమం ఉంది, చాలామంది పిల్లలు ఆ అంకెనే మోడల్‌లో పెట్టి వదిలేస్తారు. ఐమాక్ సర్వే ఆఫీసుల్లో జరిగింది కాబట్టి ఇంటికి వాడేటప్పుడు ఆ మాట చెప్పాలి. అయినా పిల్లలకు మొదటి కొలబద్దగా అది చాలు.

కాబట్టి ప్రతి భవనానికీ రెండు అంకెలు రావాలి. ఒకటి యూనిట్లు, రెండోది హద్దు దాటిన గంటలు. రేకుల ఇల్లు మొదటిదాంట్లో ఆకుపచ్చ, రెండోదాంట్లో ముదురు ఎరుపు. ఆ రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టిన రోజు క్లాసులో మంచి చర్చ జరుగుతుంది.

చార్లెస్_ఒడ్డు:

దీనికి ఇంకొకటి కలుపుతాను. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పు తెల్లగా చేస్తే ఎంత లాభం అన్నది ఒక్క భవనం మోడల్ చెబుతుంది. కానీ ఏ పేటలో ముందు వేయాలి అన్నది ఊరి మోడలే చెప్పగలదు. ఆరంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పైకప్పు వేడి ప్రధానంగా పై అంతస్తుకే తగులుతుంది, కింద అయిదింటికి పెద్దగా తేడా ఉండదు. ఒంటి అంతస్తు ఇంట్లో కప్పు కిందే అందరూ ఉంటారు. అందుకే ఒకే డబ్బాడు పెయింటు ఎక్కడ వేశామన్నది ముఖ్యం. ఊరిని మోడల్ చేయడం ఎందుకు అని పిల్లలు అడిగితే దీనికంటే మంచి జవాబు నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ లేకుండా బోర్డు మీద చేయించదగ్గ లెక్క కూడా ఉంది. మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 900 వాట్లు. పాత కాంక్రీటు స్లాబు ఎండలో 0.7 వంతు పీల్చుకుంటుందనుకుందాం. 0.7ను 900తో గుణించి, ఉపరితలం దగ్గర గాలి వేడిని లాక్కుపోయే గుణకం 23తో భాగిస్తే 27. దాన్ని 40కి కలిపి, కప్పు ఆకాశంలోకి వదిలే వేడికి 4 తీసేస్తే 63. అంటే స్లాబుకు బయట 63 డిగ్రీలున్నట్టే. కొత్తగా తెల్ల రంగు వేస్తే 0.3 వంతే పీల్చుకుంటుంది, అప్పుడు 48. స్లాబు యూ-విలువ 3, వైశాల్యం 110 చదరపు మీటర్లు, లోపల 30 డిగ్రీలు అనుకుంటే మొదటిదాంట్లో 11 కిలోవాట్ల వేడి, రెండోదాంట్లో 6 కంటే తక్కువ దిగుతుంది. తేడా దాదాపు ఒకటిన్నర టన్నుల ఏసీకి సమానం. నిజంగా స్లాబు ఆ వేడిని వెంటనే దించదు, సాయంత్రానికి దించుతుంది. బోర్డు లెక్కలో ఆ ఆలస్యం లేదు, ఎనర్జీప్లస్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ ఎందుకు కావాలో పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

రేకుల_ఇల్లు:

రెండు మ్యాపుల మాట నాకు నచ్చింది. పిల్లలను ఒక్కసారి మధ్యాహ్నం రెండు గంటలకు థర్మామీటర్ ఇచ్చి అలాంటి ఇంట్లో కూర్చోబెట్టండి మేడమ్. ఇంటివాళ్లను అడిగి, వాళ్లకు ఇబ్బంది లేని రోజు చూసుకుని.

రిటైర్డ్_ఏఈ:

పీక్, అంటే ఒకేసారి పడే అతి ఎక్కువ లోడు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏడాది యూనిట్లు బిల్లుకు సంబంధించినవి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది మే నెల రాత్రి పదిన్నరకు, ఆ ఒక్క గంటలో. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్లన్నీ కొత్తగా ఏసీలు పెట్టించుకుంటే ఏమవుతుందో చెప్పగలిగిన మోడల్ ఏ కరెంటాఫీసుకైనా పనికొస్తుంది.

ఇక్కడే పిల్లలు ఒక ఘోరం చేస్తారని మా అబ్బాయి చెప్పాడు, వాడు ఈ రంగంలోనే ఉన్నాడు. ఒకే దినచర్యను అయిదు వందల ఇళ్లకు పెడతారు. మోడల్‌లో అయిదు వందల ఏసీలూ పది కొట్టగానే ఒకేసారి మొదలవుతాయి. ఊళ్లో అలా జరగదు. ఒకరు తొమ్మిదిన్నరకు, ఒకరు సీరియల్ అయ్యాక, షిఫ్టు నుంచి వచ్చేవాళ్లు పన్నెండుకు వేస్తారు. ఆ పైన కంప్రెసర్లు ఆగి ఆగి నడుస్తాయి. అందుకే మేము డైవర్సిటీ ఫ్యాక్టర్ అని పెట్టి లెక్కేసేవాళ్లం. ఏడాది మొత్తం సరిపోయి పీక్ మాత్రం రెట్టింపు చూపించే మోడల్‌ను నమ్మి ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే ప్రజల డబ్బు వృథా.

రెండో_సెమ్:

అంకుల్, దీనికి మేము ఒకే మూసకు ఏడెనిమిది దినచర్యలు తయారుచేసి ఇళ్లకు లాటరీలో పంచినట్టు పంచాం. పీక్ బాగా తగ్గింది. కోడ్ కూడా పెద్దదేం కాదు, పైథాన్‌లో చిన్న లూప్.

మ్యాప్_శీను:

మోడల్ సరిపోయిందని ఎప్పుడు చెప్పాలి? ఒక్కో ఇంటి బిల్లుతో ఒక్కోటి సరిపోవాలా? అలా అయితే ఎన్నటికీ తేలదు.

చార్లెస్_ఒడ్డు:

ఒక భవనం మోడల్‌కు అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం యాష్రే ఇచ్చిన గైడ్‌లైన్ 14లో హద్దులున్నాయి. నెలవారీ బిల్లులతో పోలిస్తే సగటు పక్షపాతం (మొత్తం మీద ఎంత ఎక్కువో తక్కువో చూపించింది) 5 శాతం లోపు, సీవీఆర్‌ఎంఎస్‌ఈ (ఎక్కువతక్కువలు కొట్టేసుకోకుండా లెక్కించే తప్పు) 15 శాతం లోపు ఉండాలి. ఈ రెండూ ఎందుకు కావాలో పిల్లలకు ఇలా చూపించొచ్చు: ఒక ఇల్లు 40 శాతం ఎక్కువ, పక్కిల్లు 40 శాతం తక్కువ వచ్చినా వీధి మొత్తం సరిగ్గా సరిపోతుంది. మొదటి అంకె సున్నా చూపిస్తుంది, రెండోది పట్టిస్తుంది.

ఊరి మోడల్‌లో ఒక్కో ఇంటికి ఆ హద్దులు అందవు, అందుతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇళ్లను గుంపుగా కలిపేకొద్దీ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రశ్నకు వీధి మొత్తం సరిపోతే చాలు. ఫలానా ఇంటికి సబ్సిడీ ఇవ్వాలా అన్న ప్రశ్నకు అది చాలదు. కాబట్టి మోడల్‌ను దేనికి వాడతారో మొదటి పేజీలోనే రాయించండి మేడమ్, తప్పు ఎంత ఉండొచ్చో దాన్నిబట్టే తేలుతుంది. సమయం మిగిలితే 2017లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ ఇళ్ల మీద వచ్చిన పని చూపించండి. అందులో మూసకు ఒకే విలువ పెట్టకుండా, ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చని పెట్టి, బిల్లులతో ఆ పరిధిని కుదించారు.

బిల్లులు దొరకని వారాల్లో సాధన కోసం న్యూయార్క్ డేటా ఉంది. అక్కడ 2009 నాటి లోకల్ లా 84 కింద పెద్ద భవనాల ఏడాది వాడకం అందరికీ కనిపించేలా పెడతారు. మన ఊరి వాతావరణం కాదు గానీ లెక్క చేతికి అలవాటవుతుంది.

చిల్లర్_ప్లాంట్:

బిల్లులు సేకరించేటప్పుడు ఒక జాగ్రత్త. సర్వీస్ నంబరు, పేరు తీసేసి యూనిట్లు, తేదీలే ఉంచుకోవాలి. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఏ నెల ఇంటికి తాళం వేశారో బిల్లు చూస్తే తెలిసిపోతుంది. ఇంటివాళ్ల సంతకం తీసుకుని, క్లాసు అయ్యాక ఏం చేస్తారో ముందే చెప్పాలి.

బ్యారేజీ_గాలి:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇప్పటికి తేల్చుకున్నది ఇది. మొదటి రెండు వారాలు బిల్లులు, బోర్డు లెక్కలు మాత్రమే, కంప్యూటర్ లేదు. తర్వాత చిల్లర్ ప్లాంట్ గారి మాట ప్రకారం ఒక్క ఇల్లు, మూడు వారాలు. ఆ పైన సత్యనారాయణపురంలో ఒక వీధి, కొండవాలు మీద ఒక వరుస ఇళ్లు. మూసలు పిల్లలే కడతారు, రెడీమేడ్‌వి పోలికకే. ప్రతి జట్టూ మొదటి పేజీలో ఒక ప్రశ్న రాయాలి, అది వార్డు ఆఫీసో కరెంటాఫీసో నిజంగా అడగదగ్గది అయి ఉండాలి. యూనిట్ల మ్యాపు ఒక్కటే తెస్తే మార్కులు ఉండవు, గంటల మ్యాపు కూడా తేవాలి. ఊరు మొత్తం చేయడం ఈ సెమిస్టర్‌లో పెట్టుకోవడం లేదు.

శీను గారూ, కొండ మీద ఇళ్ల ఎత్తు ఎలా?

మ్యాప్_శీను:

అక్కడ శాటిలైట్ ఎత్తులు వాడకండి మేడమ్. వాలు మీద ఇంటికి ముందు రెండంతస్తులు, వెనక ఒకటే ఉంటుంది. వెనక గోడ సగం మట్టిలో కూడా ఉండొచ్చు, దానికి ఎండే తగలదు. పిల్లలు మెట్లెక్కి ఇంటి రెండు వైపులా చూసి రాసుకోవాల్సిందే. ఫోన్‌లో క్యూఫీల్డ్ అనే మ్యాపు యాప్ వేసుకుంటే అక్కడికక్కడే ఎక్కించొచ్చు.

రెండో_సెమ్:

మేడమ్, సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లుంది, అడిగితే బిల్లులు ఇస్తామన్నారు. కింద వాటా అద్దెకిచ్చారు, పైన వాళ్లుంటారు. మీటర్లు మూడున్నాయి. మూడోది మోటారుది. మూడూ కలిపి ఒక ఇల్లుగా తీసుకోవాలా?

రిటైర్డ్_ఏఈ:

కలపొద్దమ్మా. పై వాటా, కింద వాటా వేరువేరుగా ఉంచండి, పైవాళ్ల మీదే కదా స్లాబు ఎండ. మోటారు మీటరును ఏసీ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తోడతారు కాబట్టి దాని బిల్లు కూడా మేలో పెరుగుతుంది, అది చల్లదనం ఖర్చులా కనిపించి మోసం చేస్తుంది. పెద్దమ్మగారిని రీడింగ్ తేదీలు కనిపించేలా బిల్లులు ఫొటో తీయమనండి, కింద చింపిన ముక్క కాకుండా.